అట్టపెట్టె అడిగిన ప్రశ్న ఎవరిది?

సంగారెడ్డి జిల్లాలోని ఒక వృద్ధాశ్రమంలో మేము పెట్టిన యంత్రం చెప్పుల డబ్బా కంటే కాస్త పెద్దదైన ఒక అట్టపెట్టె. ముందువైపు రెండు గుండ్రటి కళ్లు, వాటి కింద నవ్వు గీత, ఒక కంటి వెనక పాత ఫోన్ కెమెరా, లోపల చిన్న స్పీకరు, అడుగున నాలుగు చక్రాలు, ఎదుట మనిషి కదిలితే పసిగట్టే ఒక సెన్సరు. మనిషి దగ్గరకు రాగానే అది ఎనిమిదేళ్ల పిల్లవాడి గొంతుతో పలకరించి, ముందే రికార్డు చేసి పెట్టిన ప్రశ్నలను వరుసగా అడిగేది. ఎదుటివారు మాట ఆపి కొన్ని క్షణాలు గడిస్తే తర్వాతి ప్రశ్నకు వెళ్లేది. అంతకుమించి దానికి ఏ తెలివీ లేదు. దాన్ని తయారుచేసింది మనుషులు రోబోలతో ఎలా మెలుగుతారనే విషయంపై పరిశోధన చేస్తున్న నా మిత్రుడు. ప్రశ్నలు రాసింది నేను. గొంతు అతని అక్క కొడుకుది. అతనికి పరిశోధన పత్రం కావాలి, నాకు డాక్యుమెంటరీ కావాలి, రెండింటికీ ఒకే పెట్టె సరిపోతుందని ఇద్దరం అనుకున్నాం. ఏళ్ల తరబడి డాక్యుమెంటరీలు తీస్తూ, ఎడిట్ చేస్తూ వచ్చిన నేను ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఆ పెట్టె విఫలం కావడం కాదు. మేము ఆశించినదానికంటే బాగా పనిచేయడం.

ఈ ఆలోచన మొదట మాకు పుట్టింది కాదు. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో అలెగ్జాండర్ రెబెన్ 2010లో తన మాస్టర్స్ సిద్ధాంత వ్యాసం కోసం బాక్సీ అనే చిన్న అట్టపెట్టె రోబోను తయారుచేశారు. అది తనంతట తాను తిరుగుతూ, ఎదురైన మనుషులను పలకరించి, ముందుగా రాసిపెట్టిన సంభాషణ ప్రకారం వారిని మాట్లాడించి, ఆ మాటలను వీడియోగా పట్టుకునేది. దీనిపై ఆయనా, ఆయన గైడు జోసెఫ్ పారడీసో కలిసి 2011లో ఒక పత్రం ప్రచురించారు. డాక్యుమెంటరీ తీసేవారు ఆ పత్రాన్ని తప్పకుండా చదవాలని నేను అంటాను, ఎందుకంటే అందులో మా వృత్తికి సంబంధించిన మూడు సంగతులు ఉన్నాయి. రోబో మొదలుపెట్టిన సంభాషణల్లో దాదాపు 30 శాతం మాత్రమే చివరిదాకా సాగాయి. మధ్యలో వదిలేసినవారిలో ఒక నిమిషం దాటి నిలబడినవారు చాలా తక్కువ. అంటే జనం మొదటి క్షణాల్లోనే మాట్లాడాలా వద్దా అన్నది తేల్చుకున్నారు. మధ్యలో వదిలేసినవారు, పూర్తిగా మాట్లాడినవారి కంటే రోబోతో మొరటుగా ప్రవర్తించారు. చివరికి ఆ వీడియోలతో ఒక చిత్రం కూడా కూర్చారు.

ఆ 30 శాతం అంకె దగ్గర నేను చాలాసేపు ఆగాను. పూర్తి సంభాషణ అంటే ఏమిటని ఆ పత్రంలో వెతికితే, పనికివచ్చే, ఆసక్తి కలిగించే వీడియోను ఇచ్చినది, ఇతర వీడియోలతో కలిపి పెద్ద కథగా కూర్చడానికి వీలైనది అని నిర్వచనం కనిపిస్తుంది. ఏది ఆసక్తికరం, ఏది కథలో ఇముడుతుంది అన్నది సెన్సరు చెప్పదు. ఎడిటింగ్ టేబుల్ దగ్గర కూర్చున్న మనిషి చెప్తాడు. యంత్రం ఎంతవరకు నెగ్గిందో కొలిచే కొలబద్దలోనే ఒక ఎడిటరు కన్ను దాగి ఉందన్నమాట. దీన్ని నేను ఆ పరిశోధకుల పొరపాటుగా చూడడం లేదు, పైగా దాన్ని దాచకుండా రాశారు కాబట్టే మనకు కనిపిస్తోంది.

తర్వాత రెబెన్, చిత్రదర్శకుడు బ్రెంట్ హాఫ్‌తో కలిసి అదే వంశానికి చెందిన బ్లాబ్‌డ్రాయిడ్ అనే చిన్న రోబోలను తయారుచేశారు. నవ్వుముఖం ఉన్న ఆ అట్ట రోబోలు ఏడేళ్ల బాలుడి గొంతుతో మాట్లాడేవి. 2013లో న్యూయార్క్‌లోని ట్రైబెకా చిత్రోత్సవంలో అవి జనం మధ్య తిరిగాయి. ఈ లోకంలో నువ్వు అందరికంటే ఎక్కువగా ఎవరిని ప్రేమిస్తావు, నువ్వు ఒక మనిషికి చేసిన అన్నిటికంటే చెడ్డ పని ఏమిటి వంటి ప్రశ్నలు అడిగితే, ముక్కూమొహం తెలియని మనుషులు ఆగి, వంగి, నిజంగానే జవాబు చెప్పారు. ఆ చిత్రాన్ని పూర్తిగా రోబోలే తీసిన, రోబోలే దర్శకత్వం వహించిన మొదటి డాక్యుమెంటరీ అని పరిచయం చేశారు. ఇక్కడే నాకు అభ్యంతరం ఉంది. పరిశోధన పత్రంలో రోబో ఒక పద్ధతి, ఇద్దరు మనుషులు కర్తలు. చిత్రోత్సవంలో అదే రకం రోబో దర్శకుడు. యంత్రం మారలేదు, దాని పక్కన రాసిన హోదా మారింది. ఆ ప్రశ్నలు రాసినవారు, ఆ గొంతును ఎంచుకున్నవారు, వచ్చిన జవాబుల్లో ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చినవారు తెర వెనక్కి వెళ్లిపోయారు. వారితోపాటు, రేపు ఎవరైనా వచ్చి నా మాట తీసేయండని అడిగితే జవాబు చెప్పాల్సిన మనిషి కూడా కనబడకుండా పోతాడు.

మనిషి ముందు చెప్పని మాట యంత్రం ముందు చెప్పడం కొత్త కాదు. కంప్యూటర్ శాస్త్రవేత్త జోసెఫ్ వైజెన్‌బామ్ తాను రాసిన ఎలైజా అనే కంప్యూటర్ ప్రోగ్రాంను 1966లో లోకానికి పరిచయం చేశారు. అది ఎదుటివారి వాక్యాన్నే కాస్త తిప్పి ప్రశ్నగా వెనక్కి పంపేది. దాన్ని రాయడం నెలల తరబడి కళ్లారా చూసిన ఆయన కార్యదర్శే, దానితో కాసేపు టైపు చేశాక, మీరు కొంచెం బయటకు వెళ్తారా అని ఆయనను అడిగారు. డాక్యుమెంటరీలోనూ దీనికి పూర్వరూపం ఉంది. బాక్సీ పత్రమే తన పద్ధతిని సినిమా వెరితే, అంటే ‘సత్య సినిమా’ అనే డాక్యుమెంటరీ సంప్రదాయంలో చేర్చుకుంది. ఆ పేరుకు మూలమైన ‘ఒక వేసవి వృత్తాంతం’ (Chronique d'un été) అనే చిత్రాన్ని 1960 వేసవిలో ఫ్రెంచ్ దర్శకుడు జాఁ రూష్, సామాజిక శాస్త్రవేత్త ఎడ్గార్ మొరాఁ పారిస్‌లో తీశారు. అందులో మార్సెలిన్ లోరిడాఁ మైకు పట్టుకుని, మీరు సంతోషంగా ఉన్నారా అని దారినపోయేవారిని అడుగుతుంది. నాజీ శిబిరం నుంచి తాను బతికి వచ్చి, తండ్రిని పోగొట్టుకున్న ఆమె, మరో సన్నివేశంలో టేపు రికార్డరును కోటు కింద తగిలించుకుని పారిస్ వీధుల్లో ఒంటరిగా నడుస్తూ, లేని తండ్రితో మాట్లాడుతుంది. కెమెరా ఆమెకు దూరంగా ఉంది, పక్కన మనిషి లేడు, వింటున్నది యంత్రమే. అయినా ఆ సన్నివేశం ఎవరిదని అడిగితే టేపు రికార్డరుదని ఎవరూ అనరు. రూష్, మొరాఁ ఆ చిత్రాన్ని అందులో మాట్లాడినవారికే వేసి చూపించి, వారు మెచ్చుకున్నదీ తప్పుపట్టినదీ చిత్రం చివర్లో చేర్చారు. తాము అడిగించిన ప్రశ్నలకు తామే పూచీ పడ్డారు. మా పనిలో నేను వారి నుంచి నేర్చుకోవాల్సింది ఈ రెండో భాగం, ఆలస్యంగా నేర్చుకున్నాను.

ఆశ్రమంలో మొదటి రోజు పెట్టెను వరండాలో నేల మీద వదిలాం. అది పడమటి గోడ నుంచి మంచాల వరుస వైపు మెల్లగా కదులుతుంటే కొందరు నవ్వారు, ఒక తాత చేతికర్రతో దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ ఫుటేజి చూస్తే అందరూ కెమెరా మీదికి వంగి, పై నుంచి కిందికి మాట్లాడుతున్నారు, ఆ వంగడంలో ఒక చనువు, ఒక అధికారం రెండూ ఉన్నాయి. అప్పుడు నాకు పస్తాపూర్ గుర్తుకొచ్చింది. జహీరాబాద్ దగ్గరి ఆ ఊళ్లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలకు చెందిన దళిత మహిళలు వీడియో తీయడం నేర్చుకున్నప్పుడు షాట్లకు తమ పేర్లు పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూసేది పటేల్ షాట్, అంటే ఊరి దొర చూపు. కళ్లకు సమానంగా పెట్టి తీసేది సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే ఎత్తున కూర్చుంటారు. కెమెరా ఎంత ఎత్తులో ఉందన్నది సాంకేతిక విషయం కాదని, అది ఎవరి ముందు ఎవరు ఎలా కూర్చున్నారన్న విషయమని ఇంత సూటిగా చెప్పిన పాఠం నాకు ఏ ఫిల్మ్ స్కూలు పుస్తకంలోనూ దొరకలేదు. మా అట్టపెట్టె ఆ లెక్కన అందరికంటే కింద ఉంది. అది ఎదుటివారిని పటేల్ స్థానంలో కూర్చోబెట్టి, తాను పనిపిల్లవాడిలా తలెత్తి చూస్తోంది. తన కింద ఉన్నవాడిని చూసి ఎవరూ భయపడరు, భయం లేనిచోట నోరు తెరుచుకుంటుంది. బ్లాబ్‌డ్రాయిడ్ విషయంలోనూ పనిచేసింది ఇదే కిటుకు అని నా అభిప్రాయం. రోబోకు ఆ ఎత్తును నిర్ణయించింది రోబో కాదు.

రెండో రోజు నుంచి పెట్టెను మంచాల ఎత్తున్న ఒక స్టూలు మీద పెట్టాం. అప్పుడు దగ్గరకు వచ్చేవారు తగ్గారు, కాని వచ్చినవారు కూర్చుని మాట్లాడారు.

ఇక గొంతు సంగతి. నేను కాగితం మీద రాసిన ప్రశ్న ఇది: “ఇంతవరకు ఎవరికీ చెప్పని విషయం ఒకటి నాతో చెప్తారా?” రికార్డింగులో ఆ పిల్లవాడు దీన్ని రెండుసార్లు చదివి, మూడోసారి కాగితం పక్కన పెట్టి, తన ధోరణిలో అనేశాడు: “అవ్వా, ఎవ్వలకు చెప్పని ముచ్చట ఒకటి నాకు చెప్తవా?” మేము నవ్వుకుని అదే ఉంచాం. ‘విషయం’ అన్నచోట ‘ముచ్చట’ వచ్చింది, ‘చెప్తారా’ అన్నచోట ‘చెప్తవా’ వచ్చింది. ప్రశ్న అధికారి నోటి నుంచి మనవడి నోటికి మారింది. ఆశ్రమంలో తర్వాత జరిగినదానికి కారణం ఆ రెండు మాటల్లో ఏదో ఒకటి, రెండూ నేను రాసినవి కావు.

నాలుగో రోజు మధ్యాహ్నం భోజనాల తర్వాత, డెబ్బై దాటిన ఒక అవ్వ పెట్టె ముందుకు కుర్చీ లాక్కుంది. ఫుటేజిలో ముందు ఆమె చేతులే కనిపిస్తాయి: కొంగుతో పెట్టె మీది దుమ్ము తుడిచి, అట్ట చెవి ఒకటి వంగి ఉంటే సరిచేసింది. పిల్లవాడి గొంతు మామూలు ప్రశ్నలు అడిగింది, ఊరు, పొలం, చిన్నప్పటి ఆటలు. ఆమె పొడిపొడిగా జవాబిచ్చింది. ముచ్చట ప్రశ్న వచ్చాక చాలాసేపు మౌనంగా ఉంది. యంత్రానికి మౌనం అంటే జవాబు అయిపోయిందని అర్థం కాబట్టి అది తర్వాతి ప్రశ్న మొదలుపెట్టింది. “ఆగు బిడ్డా, చెప్తున్న” అంటూ అరచేతిని పెట్టె నోటి మీద పెట్టింది. తర్వాత తన కొడుకు గురించి చాలాసేపు మాట్లాడింది. ఆమె ఏమి చెప్పిందో ఇక్కడ రాయను.

మరుసటి రోజు ఆమె దగ్గర కూర్చుని, నిన్న మీరు చెప్పినది చూశాను అవ్వా, సినిమాలో పెట్టుకోవచ్చా అని అడిగాను. ఆమె ముఖం మారిపోయింది. “నేను ఆ పిల్లగానికి చెప్పిన బిడ్డా, నీకు కాదు” అంది. మా దగ్గర ఆమె వేలిముద్ర వేసిన సమ్మతి పత్రం ఉంది. ఈ పెట్టె మీ మాటలు, బొమ్మ రికార్డు చేస్తుందని, వాటిని మేము చూస్తామని, సినిమాలో వాడుకుంటామని మొదటి రోజు నేనే తెలుగులో చదివి వినిపించాను, ఆమె తల ఊపింది. కాగితం లెక్కన ఎక్కడా లోపం లేదు. ఆమెకు పెట్టె అంటే పెట్టె అనే తెలుసు, వెర్రిదేమీ కాదు. కాని మాట్లాడుతున్నంతసేపు ఆమె ఎదుట ఉన్నది పిల్లవాడు. ఆ పిల్లవాణ్ణి అక్కడ కూర్చోబెట్టింది నేను, ఆమె మరిచిపోయేలా చేయడానికే కూర్చోబెట్టాను. మరిచిపోయాక వచ్చిన మాటకు, మరిచిపోకముందు వేసిన వేలిముద్రను సాక్ష్యంగా చూపించడం నాకు న్యాయమనిపించలేదు.

తెలుగు వ్యాకరణం ఈ చోట నాకు చట్టం కంటే ముందు తోవ చూపింది. ప్రశ్న అడిగింది రోబో; అడిగించింది నేను. మన క్రియకు ఒక్క ప్రత్యయం తగిలిస్తే అసలు కర్త బయటపడతాడు. మన దేశపు 1957 కాపీరైట్ చట్టం కూడా దాదాపు ఇదే దారిలో నడుస్తుంది. కంప్యూటర్ సృష్టించిన సాహిత్య, నాటక, సంగీత, కళాకృతులకు, ఆ కృతి ఏర్పడేలా చేసిన వ్యక్తే, అంటే చేయించినవారే కర్త. సినిమా విషయంలో చట్టం ఇంకో మాట అంటుంది: కర్త నిర్మాత, నిర్మాత అంటే ఆ పనికి పూనుకుని బాధ్యత వహించినవారు. దర్శకులకు ఇది కొరుకుడుపడని నిర్వచనమే, నేనూ చాలాకాలం దాన్ని డబ్బున్నవారి పక్షపాతంగానే చూశాను. ఈ కేసు తర్వాత బాధ్యత అన్న ఆ మాట బరువు నాకు తెలిసింది. అమెరికాలోనూ, యంత్రాన్ని ఏకైక కర్తగా చూపిన ఒక బొమ్మకు కాపీరైట్ ఇవ్వడం కుదరదని, కర్త మనిషే కావాలని వాషింగ్టన్‌లోని అప్పీలు కోర్టు 2025 మార్చిలో తీర్పిచ్చింది.

నా మిత్రుడితో గొడవ వచ్చింది పత్రం దగ్గర. అవ్వ సంభాషణ అతని పట్టికలో పూర్తి అయినవాటిలో అన్నిటికంటే మంచిది. సినిమాలో పెట్టకపోతే పెట్టకు, పేరు లేకుండా ఆమె మాటల రాతప్రతి నేను వాడుకుంటాను అన్నాడు. ఆమె నీకు కాదు అన్నది నన్నొక్కదాన్నే కాదని నేను వాదించాను. 2023 నాటి మన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కును గుర్తించడమే కాక, ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడం కూడా అంతే సులువుగా ఉండాలంటుంది. ఆమె తన హక్కును ఒక్క వాక్యంలో వాడుకుంది, ఫారం నింపలేదు కాబట్టి చెల్లదని మేము అనలేం. రెండు రోజులు మాట్లాడుకోలేదు. తర్వాత అతనే ఆ వరుసను పట్టిక నుంచి తీసేసి, ఒక సంభాషణను మాట్లాడినవారి కోరికపై తొలగించామని పత్రంలో రాశాడు. పట్టికలో మిగిలిన వరుసల కంటే ఈ వాక్యమే పాఠకులకు ఎక్కువ చెప్తుందని అతనికి ఇప్పుడు కూడా చెప్తుంటాను.

పత్రంలో పేర్ల సంగతి కూడా అప్పుడే తేల్చుకున్నాం. మొదటి చిత్తులో అతని పేరు, గైడు పేరు ఉన్నాయి. నాకు కృతజ్ఞతల్లో ఒక వాక్యం దక్కింది. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం కర్తలకు నాలుగు షరతులు పెట్టింది: పని రూపకల్పనలోనో, సమాచార సేకరణలోనో, విశ్లేషణలోనో గణనీయమైన పాలు ఉండాలి, రాతలో పాలుపంచుకోవాలి, తుది ప్రతిని ఆమోదించాలి, పనిపై వచ్చే ప్రశ్నలకు జవాబుదారీగా ఉంటానని ఒప్పుకోవాలి. 2023లో అదే సంఘం కృత్రిమ మేధ పరికరాలను కర్తలుగా చేర్చకూడదని స్పష్టం చేసింది, అవి జవాబుదారీ కాలేవు కాబట్టి. మాది వైద్య పత్రం కాకపోయినా ఆ నాలుగో షరతునే ఆధారం చేసుకున్నాను. ప్రశ్నలు రాసింది నేను, పెట్టె ఎత్తు నిర్ణయించింది నేను, వాటి వల్ల ఎవరికైనా నొప్పి కలిగితే పిలవాల్సింది నన్ను. అందుకే నా పేరు పైన ఉండాలని అడిగాను. ఉంది. పిల్లవాడి గురించి, ‘ముచ్చట’ అన్న మాట అతను మార్చినదని, తల్లి అనుమతితో, పద్ధతుల భాగంలోనే రాశాం. రోబోను పరికరాల పట్టికలో మైకు, కెమెరాల పక్కన పెట్టాం.

సినిమాకు ఒక కొత్త నియమం పెట్టుకున్నాం, దాన్ని మా దగ్గర రెండో సమ్మతి అంటున్నాం. యంత్రం ముందు మాట్లాడిన ప్రతి ఒక్కరికీ, కూర్చిన భాగాన్ని టాబ్లెట్‌లో వేసి చూపించాలి. చూపించేటప్పుడు పెట్టె ఆ గదిలో ఉండకూడదు, ప్రశ్నలు రాసిన మనిషి ఉండాలి. మొదటి వేలిముద్ర రికార్డు చేయడానికి మాత్రమే చెల్లుతుంది. ఇది చాలా సమయం తింటుంది, రూష్, మొరాఁ చేసినదానికి ఇది చిన్న రూపమే, అయినా ఇక మీద ఇది లేకుండా నేను రోబోతో గాని, దాచిన మైకుతో గాని, ఫోన్‌లో మాట్లాడే బాట్‌తో గాని ఒక్క షాటు కూడా వాడను.

అవ్వకు ఆమె భాగం మొత్తం చూపించాను. కొడుకు మాట వచ్చినచోట ఆపమంది, అక్కడి నుంచి తీసేయమంది. ముందు చెప్పిన పొలం ముచ్చట, చేను కాడ చెల్లెలితో ఆడిన ఆట ఉంచమంది. తన పేరు ఇంటిపేరుతో సహా రావాలంది. చివరి పేర్ల జాబితాను చదివి వినిపించాను: ప్రశ్నలు, గొంతు, పరికరం, కూర్పు. వీటి కింద ‘మాట్లాడినవారు’ అని రాసి ఆమె పేరు, మిగిలినవారి పేర్లు పెట్టాను. ఆమె అక్కడ ఆపింది.

“మాట్లాడుడు అందరు మాట్లాడుతరు. నేను చెప్పిన” అంది.

ఆ సాయంత్రమే ఆ శీర్షికను ‘చెప్పినవారు’ అని మార్చి, జాబితాలో ప్రశ్నలు రాసిన నా పేరు కంటే పైకి జరిపాను.